ఇసుక కాళ్ల మనిషి

నేను మనుషుల మొహాల కంటే ముందు కాళ్లు చూస్తాను. ఇది జైలు నేర్పిన అలవాటు. ప్రొబేషన్ ఆఫీసుకు రాకముందు కొన్నేళ్లు ఒక జిల్లా జైలు గేటు గదిలో గుమాస్తాగా పనిచేశాను. కొత్తగా వచ్చిన ఖైదీ పెద్ద గేటుకున్న చిన్న తలుపులోంచి వంగి లోపలికి వస్తాడు. వంగినవాడి మొహం కనబడదు, ముందు కాలు లోపల పడుతుంది. ఎంతటివాడైనా తల వంచి రావాలని తెల్లదొరలు పెట్టిన తలుపు అది. దొరలు పోయి ఇన్నేళ్లయినా దాని ఎత్తు పెంచాలని ఎవరికీ అనిపించలేదు. అక్కడి ముసలి హెడ్ వార్డరు నాతో అనేవాడు: "మొహం జూసి మోసపోకు బిడ్డా. కాళ్లు జూడు. యాడికెల్లి వచ్చిండో తెలుస్తది."

అలా చూసీ చూసీ నాకు నమ్మడం చేతకాకుండా పోయింది. ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను ఒక కన్ను తెరిచి, ఇంకెవరు తెరిచారా అని చూస్తానని మా ఆయన అందరికీ చెప్పి నవ్విస్తాడు. అది నిజమే. పాలవాడిని నమ్మను, గ్యాస్ బండ తెచ్చేవాడిని నమ్మను, జ్వరమని సెలవు పెట్టిన అటెండరును అసలే నమ్మను. మా ఆయన సారపాకలో మిల్లు పని చేస్తాడు కాబట్టి అక్కడే కిరాయికి ఉంటున్నాం. నేను రోజూ షేర్ ఆటోలో గోదావరి వంతెన దాటి భద్రాచలం వెళ్లి వస్తాను. ఈ సంగతి ముందే చెప్పడం దేనికంటే, వంతెనకు ఇటువైపు ఇల్లు లేకపోతే నేను ఆ మనిషిని అనుమానించే దాన్నే కాదు.

ప్రొబేషన్ అంటే ఏమిటో మా చుట్టాలకే సరిగ్గా తెలియదు. మొదటిసారి తప్పు చేసినవాడిని, తప్పు మరీ పెద్దది కాకపోతే, కోర్టు జైలుకు పంపకుండా బాండు రాయించుకుని ఇంటికి పంపుతుంది. ఆ బాండులో కొన్ని షరతులుంటాయి. వాటిని పాటిస్తున్నాడో లేదో చూడటం, నెలకోసారి పిలిచి సంతకం పెట్టించుకోవడం నా ఉద్యోగం. షరతు తప్పాడని నేను రిపోర్టు రాస్తే, కోర్టు పక్కన పెట్టిన శిక్షను అమలు చేస్తుంది. జైలు గేటు దగ్గర ఉన్నప్పుడు నేను వచ్చినవాళ్ల పేర్లు రాసుకునేదాన్ని. ఇప్పుడు ఎవరు అక్కడికి వెళ్లాలో కొంతవరకు నా కలం చెబుతుంది.

ఈ మనిషి కోయవాడు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వెళ్లే రోడ్డు మీద కొంతదూరం పోయి, దిగి, అడవి వైపు లోపలికి నడిస్తే వచ్చే చిన్న ఊరు అతనిది. పెళ్లయి ఎంతో కాలం కాలేదు. ఒక విందులో తాగి, వరసకు అన్న అయ్యేవాడిని కర్రతో కొట్టి చెయ్యి విరగ్గొట్టాడు. కొన్ని వారాలు సబ్ జైల్లో ఉన్నాడు. తర్వాత ఆ అన్నా తమ్ముడూ మళ్లీ ఒక కుండలో కల్లు తాగారు గానీ కేసు మాత్రం దాని దారిన అది నడిచి, చివరికి బాండు మీద నా బల్ల ముందుకు వచ్చింది.

బాండులో ఉండే తెలుగు ఎవరింట్లోనూ మాట్లాడే తెలుగు కాదు. 'సదరు ముద్దాయి న్యాయస్థానపు వ్రాతపూర్వక అనుమతి లేనిదే రాష్ట్రపు ఎల్లలు దాటరాదు' అని ఉంటుంది. అందుకే ఒక్కో షరతూ చదివి, మామూలు మాటల్లో చెప్పి, తిరిగి వాళ్ల చేత చెప్పిస్తాను. గట్టిగానే చెబుతాను. మెత్తగా చెబితే వరండా దిగేలోపు మర్చిపోతారు.

"కోర్టు కాయితం లేకుండ స్టేట్ దాటొద్దు. దాటితే ఏమైతది?"

"జైలు మేడం."

"దోస్తులు రమ్మన్నరు, చుట్టాలు పిలిచిండ్రు, ఆఫీసర్ జెప్పిండు అంటే?"

"ఎవరు జెప్పినా దాటొద్దు మేడం."

చెప్పేటప్పుడు అతను నా మొహం చూడలేదు, బాండు కాగితం చూశాడు. చదువు పెద్దగా రాదు. అయినా తన కాపీని మడత పెట్టి, పాలిథిన్ కవరులో చుట్టి, చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఇంత జాగ్రత్త దేనికి అని నాకు అప్పుడే కొంచెం అనుమానం తగిలింది. మామూలుగా ఆ కాపీలు పకోడీలు కట్టుకోవడానికి పోతాయి.

నెలకోసారి భద్రాచలంలో ఒక పాత సర్కారు భవనం వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటాను. నాతో పాటు ఒక కానిస్టేబుల్ ఉంటాడు. మధ్యవయసు మనిషి, మాటకారి. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చేవాళ్లంతా పొద్దున బస్సులో వచ్చి, సంతకం పెట్టి, బజారు పని చూసుకుని మధ్యాహ్నం బస్సులో వెళ్లిపోతారు. ఈ మనిషి మాత్రం ఎప్పుడూ మధ్యాహ్నం దాటాక వచ్చేవాడు. రెండోసారి వచ్చినప్పుడే అతని కాళ్లు చూశాను. ఆ ఊళ్లన్నీ ఎర్రమట్టి. అక్కడి మనిషి కాళ్లకు ఎర్రదుమ్ము ఉండాలి. ఇతని మడమల పగుళ్లలో, వేళ్ల సందుల్లో తెల్లటి సన్నని ఇసుక. గోదావరి ఇసుక. అతని ఊరి నుంచి భద్రాచలానికి రోడ్డు గోదావరికి భద్రాచలం ఒడ్డునే వస్తుంది. ఎక్కడా నదిలో కాలు పెట్టే పని లేదు.

"దేంట్ల వచ్చినవ్?" అన్నాను.

"ఆటోల మేడం."

"బస్సుంది గద?"

"ఆటోల వచ్చిన మేడం."

అబద్ధం చెప్పేవాడు సాధారణంగా ఒక మాట ఎక్కువ చెబుతాడు. ఇతను ఒక మాట తక్కువ చెబుతున్నాడు. అది ఇంకా ముదురు లక్షణమని నా లెక్క.

ఎండాకాలంలో ఒక సంతకం రోజు నేను సారపాక సెంటర్లో ఆటో కోసం నిలబడ్డాను. అశ్వాపురం వైపు నుంచి వచ్చిన ఆటోలోంచి ఈ మనిషి దిగాడు. గోదావరికి భద్రాచలం ఒడ్డున ఊరున్న మనిషికి సారపాక ఒడ్డున ఏం పని? నేను చెరుకు రసం బండి వెనక్కి జరిగాను. అతను అటూ ఇటూ చూసి, బస్ షెల్టరు వెనక్కి పోయి, తడిసిన లుంగీ తీసి సంచిలోంచి పొడి ప్యాంటు తీసి వేసుకున్నాడు. తడి లుంగీ పిండి సంచిలో కుక్కి, భద్రాచలం ఆటో ఎక్కాడు. వెనక ఆటోలో నేను. బల్ల దగ్గర మళ్లీ అడిగాను.

"యాడికెల్లి వచ్చినవ్?"

"ఊరికెల్లి మేడం."

"సీదా ఊరికెల్లేనా?"

"అవ్ మేడం."

సంచి విప్పమన్నాను. తడి లుంగీ, బాండు కాపీ ఉన్న పాలిథిన్ కవరు, ఇంకేం లేవు. సంచిని వాసన కూడా చూశాను. నది వాసన తప్ప ఏమీ రాలేదు. కానిస్టేబుల్ దూరం నుంచే తల ఊపుతూ ఉన్నాడు. ఆ మనిషి వెళ్లాక కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఊరు అటు, మనిషి ఇటు. నడుమ ఏముందో గదే సరుకు మేడం."

"సంచిల ఏం లేదు గద?"

"వచ్చేటప్పుడెందుకుంటది? యాడనో దించి వస్తడు. బట్టలు మార్సుడు గూడ అందుకే."

ఈ దారిలో గంజాయి పట్టుబడటం కొత్త కాదు. కొబ్బరికాయల కింద, అంబులెన్సు సీటు కింద, పెళ్లి కారులో కూడా దొరికింది. నదిలో రాదని ఎవరన్నారు? ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "పాపం ఎవరో బీదోడు చేపలకు పోయి వస్తున్నడేమో, నీకెందుకే" అన్నాడు. చేపలకు పోయేవాడు బాండు కాపీ వెంట తెచ్చుకోడని చెప్పాను. అంతటితో మా ఆయన టీవీ వైపు తిరిగాడు.

వానలు మొదలయ్యాక అతను గడ్డం పెరిగి, చిక్కిపోయి వచ్చాడు. సంతకం పెట్టేటప్పుడు కలం పట్టు జారింది. ఏమైందని అడగలేదు. అడిగితే ఏదో జాలి కథ చెబుతాడని, విన్నాక రిపోర్టు రాయడం కష్టమవుతుందని అడగలేదు. అప్పటికే రిపోర్టు నా బుర్రలో సగం తయారై ఉంది.

ఆ తర్వాతి నెల గోదావరి పెరిగింది. భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. దుమ్ముగూడెం రోడ్డు మీద వాగులు పొంగి బస్సులు ఆపేశారు. అటువైపు నుంచి ఎవరూ రాలేదు, రాకపోయినా తప్పు పట్టే రోజు కాదు అది. బల్ల సర్దుకుంటుండగా ఆ మనిషి వచ్చాడు. వంతెన వైపు నుంచి వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా నీళ్లు కారుతున్నాయి. చేతిలో సంచి లేదు. చొక్కా లోపలి నుంచి పాలిథిన్ కవరు మాత్రం తీసి బల్ల మీద పెట్టాడు.

"రోడ్డు మునిగింది. బస్సు లేదు. ఎట్ల వచ్చినవ్?"

కలం కోసం చెయ్యి చాపాడు.

"నిన్నే అడిగేది."

"నీళ్లల్ల పడ్డ మేడం."

"ఏ నీళ్లు?"

అతను సంతకం పెట్టి, రిజిస్టరు మీద తడి మరక చేసి, వెళ్లిపోయాడు. కానిస్టేబుల్ నా వైపు చూశాడు. నేను కూడా అదే అనుకున్నాను. ఇంత వరదలో ప్రాణాలకు తెగించి నది దాటేవాడు నా సంతకం కోసం దాటడు. ఆ సంతకం వెనక ఇంకేదో ఉంది. అతన్ని జైలుకు పంపే రిపోర్టు ఆ వారమే రాసేయాలనుకున్నాను. అయితే వ్యతిరేకంగా రాసేముందు ఒకసారి ఇంటికి వెళ్లి చూడటం మా పద్ధతి. చెప్పకుండా వెళ్లాలని నిర్ణయించుకున్నాను. చెప్పి వెళితే ఊరంతా ఒకే పాఠం అప్పజెబుతుంది.

వరద తీసిన తర్వాత దుమ్ముగూడెం బస్సెక్కాను. కిటికీ పక్క సీటు. ఊరు దాటిన కాసేపటికి ఆంధ్రప్రదేశ్ స్వాగతం పలికే బోర్డు వచ్చింది, కొన్ని ఊళ్లు గడిచాక తెలంగాణ బోర్డు వచ్చింది. రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం మాకు మిగిలి, దాన్ని ఆనుకున్న కొన్ని పల్లెలు ఆంధ్రలోకి పోయాయి. పట్నానికి చెత్త పోసుకునే జాగా కూడా లేకుండా పోయింది. అయినా బస్సు ఆగదు, అడిగేవాడు ఉండడు. పెట్రోలు ధరలు, మందు ధరలు పోల్చుకునేటప్పుడు తప్ప ఎవరికీ ఆ సరిహద్దు గుర్తు రాదు. నేను ఎన్నోసార్లు తిరిగిన రోడ్డు అది. ఆ బోర్డులను ఆ రోజూ చూశాను. చూసి, రిపోర్టులో మొదటి వాక్యం ఎలా ఉండాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

అతని ఇంటి ముందు తల్లి కూర్చుని కూరకు లేత వెదురు కొమ్ములు తరుగుతోంది. నేను ఎవరో చెప్పకముందే కత్తి పక్కన పెట్టింది.

"మల్ల తీస్కపోనీకొచ్చినవా?"

"చూసి పోదామని వచ్చిన. కొడుకేడి?"

"చేనుకాడ."

"కోడలు?"

"పోయింది. నీ వల్లనే పోయింది."

ఇదిగో, జాలి కథ మొదలైందనుకున్నాను. ఆమె నా ఆలోచనను పట్టించుకోలేదు. సగం కోయ మాటలు, సగం తెలుగు. అర్థం కానివి మళ్లీ అడిగి తెలుసుకున్నాను. వానలు మొదలైనప్పుడు కోడలికి నొప్పులొచ్చాయి. ఫోన్ చేస్తే భద్రాచలం నుంచి 108 వచ్చింది. భార్యతో పాటు ఇతను కూడా ఎక్కాడు.

"ఆంధ్ర బోర్డు కాడ ఆపమని దిగిండు. ఆ పిల్ల చెయ్యి వట్టుకొని కేకలేస్తాంది, ఇడిపిచ్చుకొని దిగిండు. దిగి గోదారి దిక్కు ఉరికిండు."

"ఎందుకు దిగిండు?"

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నా కాళ్లు కూడా చూసింది.

"నువ్వే జెప్పినవంట గద. స్టేట్ దాటితే జైలని."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాను. అతని ఊరు తెలంగాణ. భద్రాచలం తెలంగాణ. నడుమ ఉన్న రోడ్డు ఆంధ్ర. నా దగ్గర సంతకం పెట్టడానికి బస్సులో వచ్చే ప్రతివాడూ, వస్తూ ఒకసారి, పోతూ ఒకసారి బాండు ఉల్లంఘిస్తున్నాడు. ఎవరికీ తట్టలేదు. షరతు అచ్చు వేసినవాళ్లకు తట్టలేదు, చదివి వినిపించిన నాకూ తట్టలేదు. ఈ మనిషికి తట్టింది. అందుకని నెలనెలా పొద్దున్నే లేచి, నడిచి గోదావరి ఒడ్డుకు చేరి, పడవలో అవతలికి దాటి, ఎండాకాలంలో ఇసుక మీదా మోకాటి నీళ్లలోనూ నడిచి, అశ్వాపురం వైపు ఆటో పట్టుకుని సారపాక చేరి, వంతెన మీదుగా భద్రాచలం వచ్చేవాడు. ఆ దారంతా తెలంగాణే.

అతను చేను నుంచి వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు. ఈసారి కాళ్లకు ఎర్రమట్టి ఉంది.

"ఈ ముక్క నాకెందుకు జెప్పలే?"

"పడవాయన జెప్పొద్దన్నడు మేడం. వరదల పడవ తిప్పుతున్నడని తెలిస్తే కేసైతదట. ఆయనకు గూడ పిల్లలున్నరు."

"మొన్న నీళ్లల్ల పడ్డనన్నవ్."

"పడవ తిరగబడ్డది. ఒడ్డు దగ్గరనే. సంచి పోయింది."

అంత తేలిగ్గా నమ్మే రకం కాదు నేను. ఏ రేవులో ఎక్కుతావు, ఎక్కడ దిగుతావు, ఆటో ఎక్కడ ఆగుతుంది అని అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేశాను. అన్నింటికీ ఒకే రకంగా చెప్పాడు. నేర్చుకుని చెబుతున్నాడేమో అని కూడా అనుకున్నాను, అబద్ధం ఎందుకు. కానీ 108 లోంచి భార్య చెయ్యి విడిపించుకుని దిగడం ఎవరూ నేర్పించే పాఠం కాదు. గంజాయి మోసేవాడు ఆ అంబులెన్సులోనే హాయిగా కూర్చుని వెళ్లేవాడు.

ఆ రోజు అతను దవాఖానా చేరేసరికి సాయంత్రమైంది. ఆడపిల్ల పుట్టింది. భార్య తరఫువాళ్లు వాకిట్లోనే అడ్డం నిలబడి లోపలికి రానివ్వలేదు. నొప్పులు పడే పెళ్లాన్ని రోడ్డు మీద వదిలి అవతలి ఒడ్డుకు ఉరికాడంటే అక్కడ ఇంకో ఆడది ఉన్నట్టేనని వాళ్ల అనుమానం. ప్రతి నెలా అవతలికి పోయి వస్తాడని కూడా వాళ్లకు తెలుసు. తల్లినీ బిడ్డనూ పుట్టింటికి తీసుకుపోయారు. ఆ పుట్టిల్లు బోర్డుకు కొద్ది దూరంలో, ఆంధ్ర పల్లెల్లో ఉంది. అలిగిపోయిన భార్యను మొగుడే పెద్దమనుషులను వెంటబెట్టుకుని వెళ్లి తెచ్చుకోవాలి. ఇతను పెద్దమనుషులను పంపాడు, తను వెళ్లలేదు. మొగుడు లేకుండా పెద్దలు వస్తే అది ఇంకా అవమానమని మామ వాళ్లను నీళ్లు కూడా ఇవ్వకుండా పంపేశాడు. కూతురు పుట్టి ఇన్నాళ్లయినా ఇతను మొహం చూడలేదు.

నాకు విపరీతమైన కోపం వచ్చింది. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక అతని మీదే తెచ్చుకున్నాను. "గింత తెల్వదా నీకు? అందరు బస్సుల వస్తలేరా? రేపటి సంది బస్సుకే రా. నేను జెప్తున్న" అన్నాను.

"అవ్ మేడం" అన్నాడు.

ఆ 'అవ్' నాకు బాగా తెలుసు. జైలు గేటు గదిలో రోజూ విన్నదే. ఎదుటివాడి నోరు మూయించడానికి ఖైదీ చెప్పే 'అవ్' అది. దానికి సరే అనే అర్థం లేదు.

రిపోర్టు రాయలేదు. దాని బదులు ఆ షరతు సడలించమని కోర్టుకు దరఖాస్తు పెట్టించాను. అది వాయిదా పడింది, మళ్లీ పడింది. రాష్ట్రం దాటడానికి అనుమతి ఎందుకు అని అడిగారు. నెలనెలా సంతకానికి రావడానికి అంటే నవ్వారు, నవ్వి ఇంకో వాయిదా ఇచ్చారు. ఈలోపు బిడ్డ పెరుగుతోంది. నేను ఆ మామ ఇంటికి వెళ్లాను. ఆయన నన్ను కూడా నమ్మలేదు. ఆఫీసరమ్మ ఒక తాగుబోతు కోసం ఇంత దూరం ఎందుకొచ్చిందని ఆయన అనుమానం. ఆ చోట నేనున్నా అదే అనుకునేదాన్ని. చివరికి ఒక మాటకు ఒప్పుకున్నాడు. బిడ్డనూ కూతురినీ దుమ్ముగూడెం వైపు బోర్డు దాకా తెస్తాడు. మొగుడు అక్కడికి వచ్చి తీసుకుపోవాలి.

మధ్యాహ్నం ఎండ కాస్తున్నప్పుడు అందరం బోర్డు దగ్గర చేరాం. అవతల మామ, భార్య, ఆమె వీపున గుడ్డలో బిడ్డ. ఇవతల అతను, అతని తల్లి, ఇద్దరు పెద్దమనుషులు. నేను బోర్డు కింద నిలబడ్డాను. లారీలు, బస్సులు, బైకులు మా పక్క నుంచి అటూ ఇటూ పోతూనే ఉన్నాయి.

"నాలుగడుగులేసి వచ్చి తీస్కపొమ్మను" అన్నాడు మామ, అల్లుడితో నేరుగా మాట్లాడకుండా నాతో.

అతను నన్ను చూశాడు.

"పో. ఏం గాదు. నేనున్న గద" అన్నాను.

"కాయితం వచ్చిందా మేడం?"

"రాలే. వస్తది."

"పరీక్ష జేస్తున్నరా మేడం?"

"పరీక్ష లేదు, ఏం లేదు. నేనే ఆఫీసర్ని. నేనే దాటుమంటున్న."

అతను తల వంచుకుని మెల్లగా అన్నాడు. వెక్కిరింపు లేదు, కోపం కూడా లేదు. అప్పజెప్పిన పాఠంలాగే చెప్పాడు.

"ఆఫీసర్ జెప్పినా, ఎవరు జెప్పినా దాటొద్దని మీరే అన్నరు మేడం."

మామ నాటకం అంటూ గొణిగాడు. అప్పటిదాకా మొగుడి వైపు చూడని ఆ పిల్ల ఇప్పుడు చూసింది. అతని మొహం వైపు కాదు. నేల మీదికి వాలిన ఆమె చూపు వెంట నేనూ చూశాను. బోర్డు స్తంభానికి జానెడు ఇవతల ఆగిపోయిన అతని కాళ్లు, వేళ్లు మట్టిలో బిగించి, ముందుకు పోవాలన్న ఒళ్లును ఆపుకుంటున్నాయి. ఆమె తండ్రితో కోయలో ఏదో అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె ఆగలేదు. బిడ్డను వీపు నుంచి విప్పుకుంటూ నడిచి, బోర్డు దాటి వచ్చి, అతని చేతుల్లో పెట్టింది. అతను బిడ్డను పట్టుకున్న తీరు చూసి అతని తల్లి కసిరింది, తలకింద చెయ్యి పెట్టమని.

ఆ పిల్ల నా దగ్గర ఆగింది. నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

"బిడ్డకు జెరమొస్తే భద్రాచలం దవాఖానాకు మల్ల నేనొక్కదాన్నే పోవాల్నా?"

"కాయితం వచ్చేదాక" అన్నాను.

ఆమె మొగుడి వెంట వాళ్ల ఊరి దారి పట్టింది. నేను అవతలికి దాటి బస్సెక్కాను.

ఆ నెల కోర్టుకు పంపిన వివరాల్లో షరతులన్నీ పూర్తిగా పాటిస్తున్నాడని రాశాను. కానిస్టేబుల్ చూసి, "గంత నమ్మకమా మేడం" అన్నాడు. అతని అనుమానం పోలేదు, పడవవాడు కూడా ముఠాలో ఉన్నాడేమో అంటాడు. నేను వాదించలేదు. నిజానికి అది నా బుర్రలో కూడా ఒకసారి తిరిగి పోయింది.

తర్వాతి సంతకం రోజు గోదావరి మళ్లీ పెరుగుతోంది. పొద్దున్నుంచి వంతెన వైపే చూస్తూ కూర్చున్నాను. బస్సులో వచ్చినవాళ్లంతా సంతకాలు పెట్టి వెళ్లిపోయారు. మధ్యాహ్నం దాటింది. టీ తెచ్చి పెట్టారు, చల్లారిపోయింది. ఒక మనిషి కాళ్లకు ఇసుక ఉండాలని నా జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. బల్ల సర్దే వేళకు అతను వచ్చాడు. మోకాళ్ల దాకా తడి, వేళ్ల సందుల్లో ఇసుక. పాలిథిన్ కవరు తీసి బల్ల మీద పెట్టి సంతకం చేశాడు.

"బిడ్డ మంచిగుందా?"

"మంచిగుంది మేడం. కాయితం వచ్చిందా?"

"వస్తది," అన్నాను. "తప్పకుండ వస్తది."

అతను నా మొహం వైపు ఒక క్షణం చూశాడు.

"అవ్ మేడం" అన్నాడు.